సీటీ స్కాన్‌కి డై ఎక్కించుకోవాలంటే: చీటీ రాసిన రోజు నుంచి ఇంటికొచ్చేదాకా

డాక్టర్ చీటీ మీద ‘సీఈసీటీ అబ్డామెన్’ అని, అంటే డై ఎక్కించి తీసే పొట్ట సీటీ అని రాస్తారు. స్కానింగ్ సెంటర్‌లో అడిగితే, “డై ఎక్కించి తీస్తారండీ, క్రియాటినిన్ రిపోర్టు తెచ్చుకోండి” అంటారు. కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష అది. ఇంటికొచ్చేసరికి తలా ఒక మాట మొదలవుతుంది. డై పడితే కిడ్నీలు పోతాయని ఒకరు, రొయ్యలు పడనివాళ్లకి ప్రాణం మీదికొస్తుందని ఇంకొకరు, ఫలానా ఆయనకి ఒళ్లంతా వేడెక్కిపోయిందట అని మరొకరు. ఈ మూడింట్లో దాదాపు అందరికీ జరిగేది చివరిది. అందులో ప్రమాదమేమీ లేదు. రెండోది ఉత్త అపోహ. మొదటిది కొద్దిమంది విషయంలోనే ఆలోచించాల్సిన సంగతి, ఆ కొద్దిమంది ఎవరో ఒక రక్తపరీక్షతో ముందే తెలిసిపోతుంది.

నిజానికి ఇందులో రోగి చేతిలో ఉన్న పని చాలా తక్కువ. సూది నర్సు గుచ్చుతారు, మందు మిషన్ ఎక్కిస్తుంది, రిపోర్టు రేడియాలజిస్ట్ రాస్తారు. మన వంతు పని నోరు విప్పడం. స్కాన్‌కి ముందు పాత సంగతులు చెప్పాలి, బల్ల మీద ఉన్నప్పుడు చేతి నొప్పి చెప్పాలి, అయిపోయాక ఒంట్లో తేడా వస్తే చెప్పాలి. మనవాళ్లు మొహమాటపడేది సరిగ్గా ఈ మూడు చోట్లే.

ఈ డై ఏం చేస్తుంది

సీటీలో ఎముక తెల్లగా, గాలి నల్లగా పడతాయి. మధ్యలో ఉండే కాలేయం, క్లోమం, పేగులు, రక్తనాళాలు, గడ్డలు దాదాపు ఒకే రకం బూడిద రంగులో కలిసిపోయి ఉంటాయి. అయోడిన్ ఎక్స్‌రేలను బాగా పీల్చుకుంటుంది. అందుకని అయోడిన్ ఉన్న మందును రక్తంలోకి పంపితే, రక్తం ఎక్కువగా చేరిన చోటు తెల్లగా మెరుస్తుంది, చేరని చోటు నల్లగా ఉండిపోతుంది. కాలేయంలో గడ్డ ఏ రకానిదో, చీము ఎక్కడ పట్టిందో, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ఉందో లేదో ఇలా బయటపడతాయి.

డై అంటున్నా దానికి రంగేమీ ఉండదు. నీళ్లలా తేటగా, కాస్త చిక్కగా ఉంటుంది. ఐయోహెక్సాల్, ఐయోడిక్సనాల్, ఐయోపమిడాల్, ఐయోప్రొమైడ్ అనేవి ఎక్కువగా వాడే మందులు. బరువును బట్టి, తీసే భాగాన్ని బట్టి పెద్దవాళ్లకు సుమారు 60 నుంచి 120 మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. ఎక్కించాక 25–35 సెకన్లకు ధమనులు బాగా కనిపిస్తాయి, 70 సెకన్లకు కాలేయం బాగా కనిపిస్తుంది. అందుకే బల్ల రెండు మూడు సార్లు లోపలికీ బయటికీ వెళ్తుంది. “ఇందాక తీశారుగా, మళ్లీ ఎందుకు? ఏదో కనబడిందేమో” అని టెన్షన్ పడొద్దు. అది మామూలే.

డై అంటే భయం పెద్దవాళ్లలో ఇంకా ఉండటానికి ఒక కారణం ఉంది. పాతకాలపు అయానిక్ మందుల (రక్తంలో విద్యుదావేశమున్న కణాలుగా విడిపోయేవి) గాఢత రక్తంతో పోలిస్తే చాలా ఎక్కువ. నొప్పి, వాంతులు, రియాక్షన్లు తరచుగా వచ్చేవి. 1960ల చివర్లో స్వీడన్ రేడియాలజిస్ట్ టోర్‌స్టెన్ అల్మెన్ ఈ గాఢత తగ్గిస్తే బాధ తగ్గుతుందని పట్టుబట్టాడు. దాంతో అలా విడిపోని నాన్-అయానిక్ మందులు వచ్చాయి. జపాన్‌లో 3 లక్షల మందికి పైగా రోగుల మీద చేసి 1990లో ప్రచురించిన అధ్యయనంలో, పాత మందులతో నూటికి 12 మందికి పైగా ఏదో ఒక ఇబ్బంది వస్తే కొత్త మందులతో అది నూటికి 3కి తగ్గింది. తీవ్రమైన రియాక్షన్లు పాతవాటితో 0.22 శాతం, కొత్తవాటితో 0.04 శాతం. అంటే పదివేల మందిలో నలుగురు. ఇప్పుడు వాడేవి ఆ కొత్త రకం మందులే.

మొదటి అడుగు: డై అవసరమా అని అడగండి, వద్దని మాత్రం మీరే తేల్చేయకండి

కిడ్నీలో రాళ్లు, తలకు దెబ్బ తగిలినప్పుడు రక్తస్రావం, ఎముకలు విరగడం, ఊపిరితిత్తులను సన్నని పొరలుగా చూపే హెచ్ఆర్‌సీటీ... వీటికి మామూలుగా ప్లెయిన్ సీటీ, అంటే డై లేనిది చాలు. క్యాన్సర్ అనుమానం, చీము గడ్డలు, క్లోమం వాపు ముదిరినప్పుడు, రక్తనాళాల జబ్బులు... వీటికి డై లేకపోతే స్కాన్ తీసీ ప్రయోజనం ఉండదు. “డై వద్దండీ, ప్లెయిన్ తీసేయండి” అని కౌంటర్ దగ్గర పట్టుబట్టేవాళ్లుంటారు. రిపోర్టులో చివరికి ‘కాంట్రాస్ట్ సీటీ (డైతో తీసేది) చేయించాలి’ అని వస్తుంది. డబ్బు రెండుసార్లు, రేడియేషన్ రెండుసార్లు. భయం ఉంటే కౌంటర్‌లో వాదించే బదులు చీటీ రాసిన డాక్టర్‌ని, “దీనికి డై తప్పనిసరా? అల్ట్రాసౌండో ఎమ్మారైయో సరిపోతుందా?” అని అడగడం మేలు.

రెండో అడుగు: కిడ్నీ లెక్క

డై శరీరంలోంచి బయటికి పోయేది దాదాపు పూర్తిగా మూత్రం ద్వారానే. కిడ్నీలు బాగుంటే రెండు గంటల్లో సగం, 24 గంటల్లో దాదాపు అంతా వెళ్లిపోతుంది. అందుకే క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి కిడ్నీ బాగుందో లేదో చెప్పలేం. వయసు, ఆడా మగా అన్నది కలిపి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయన్న అంచనా లెక్కగట్టాలి. 30 ఏళ్ల కుర్రాడికి క్రియాటినిన్ 1.4 ఉంటే, 2021లో సవరించిన సీకేడీ-ఈపీఐ సూత్రం ప్రకారం ఈజీఎఫ్ఆర్ సుమారు 69. అదే 1.4 అంకె 75 ఏళ్ల అమ్మమ్మకి ఉంటే ఈజీఎఫ్ఆర్ సుమారు 39. కాగితం మీద అంకె ఒకటే, కిడ్నీల పనితీరు మాత్రం దాదాపు సగం. ల్యాబ్ వాళ్లు ఈజీఎఫ్ఆర్ రాయకపోతే రాయమని అడగండి. నెట్‌లో ఉన్న క్యాలిక్యులేటర్‌లో వేసుకున్నా వస్తుంది.

ఈజీఎఫ్ఆర్ 45 పైన ఉంటే డై గురించి కిడ్నీల పరంగా బెంగ పెట్టుకోనక్కర్లేదు. 30–44 మధ్య ఉంటే మిగతా పరిస్థితి చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. 30 కంటే తక్కువున్నా, లేక కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతిని క్రియాటినిన్ రోజురోజుకీ పెరుగుతున్నా, అప్పుడే అసలు జాగ్రత్త. స్కాన్‌కి ముందూ తర్వాతా సెలైన్ పెడతారు, డై మోతాదు వీలైనంత తగ్గిస్తారు. అలాంటివాళ్లకి కూడా ‘డై కుదరదు’ అన్నది రాతిమీద గీత కాదు. ప్రాణాపాయం ఉన్న జబ్బుని కనిపెట్టాలంటే డై వేసే తీస్తారు.

అసలు డై వల్లే కిడ్నీ దెబ్బతినడం ఒకప్పుడు అనుకున్నంత తరచుగా జరగదని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు. సీటీ తీయించుకునేవాళ్లలో చాలామందికి అప్పటికే ఇన్‌ఫెక్షన్, బీపీ పడిపోవడం, విరేచనాలు, బలమైన యాంటీబయాటిక్‌ల వంటివి ఉంటాయి. స్కాన్ తర్వాత క్రియాటినిన్ పెరిగితే నింద మాత్రం డై మీద పడుతుంది.

ఉద్దానం ప్రాంతం వాళ్లకు ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో బీపీ, షుగర్ లేనివాళ్లకి కూడా కిడ్నీ జబ్బు రావడం, పైకి లక్షణాలేమీ లేకుండా ముదరడం ఎప్పటి నుంచో ఉన్న సమస్య. ఆ ఊళ్లవాళ్లు విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్కాన్‌కి వెళ్లినప్పుడు, “మాది ఉద్దానం” అని చెప్పడం మర్చిపోకూడదు. వయసు చిన్నదని క్రియాటినిన్ పరీక్ష వదిలేసే అవకాశం ఉంటుంది.

మోకాళ్ల నొప్పికి రోజూ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి మింగేవాళ్లు కిడ్నీ బలహీనంగా ఉంటే ముందురోజు నుంచి ఒకటి రెండు రోజుల పాటు ఆపొచ్చేమో డాక్టర్‌ని అడగాలి. నిజం చెప్పాలంటే కిడ్నీలకి ఒక్కసారి పడే డై కన్నా రోజూ పడే ఈ గోళీలతోనే చేటు ఎక్కువ. ఎసిటైల్‌సిస్టీన్ అనే బిళ్లలు కిడ్నీలను కాపాడతాయని ఒకప్పుడు విరివిగా ఇచ్చేవారు. యాంజియోగ్రఫీ (రక్తనాళాల్లోకి డై పంపి తీసే పరీక్ష) రోగుల మీద జరిగి 2017 నవంబర్‌లో ఫలితాలు వెలువడిన ప్రిజర్వ్ ట్రయల్‌లో వాటివల్ల ఉపయోగం లేదని తేలింది.

డయాలిసిస్ చేయించుకుంటున్నవాళ్లకి డై ఎక్కించగానే హడావిడిగా డయాలిసిస్ చేయాల్సిన పని సాధారణంగా ఉండదు. మామూలు రోజున చేయించుకుంటే సరిపోతుంది. అయితే ఇంకా కొద్దోగొప్పో మూత్రం వస్తున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పాలి.

మూడో అడుగు: షుగర్ బిళ్లల స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూడండి

డైకీ షుగర్ మందులకీ గొడవంతా ఒక్క మెట్‌ఫార్మిన్‌తోనే. అదీ వాటిమధ్య నేరుగా ఉన్న గొడవ కాదు. డై వల్లనో మరో కారణం వల్లనో కిడ్నీ ఆగిపోతే, మెట్‌ఫార్మిన్ బయటికి పోక ఒంట్లో పేరుకుని రక్తంలో ల్యాక్టిక్ యాసిడ్ పెరిగే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే ప్రాణాంతకం.

చిక్కేమిటంటే, తాము వాడుతున్నది మెట్‌ఫార్మిన్ అని చాలామందికి తెలియదు. మన దగ్గర అది గ్లిమిపిరైడ్, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ వంటివాటితో కలిపి ఒకే బిళ్లగా వస్తుంది. పేరు చివర ‘ఎం’ అనో ‘మెట్’ అనో ఉంటే చాలావరకు అదే. అందుకే స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్లండి. “తెల్ల బిళ్ల ఒకటి, పసుపుది సగం” అంటే అక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాదు.

ఈజీఎఫ్ఆర్ 30 పైన ఉండి కిడ్నీలు నిలకడగా ఉంటే మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ చెబుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంకాస్త జాగ్రత్తగా, 30–60 మధ్య ఉన్నవాళ్లు, గుండె వైఫల్యం, కాలేయ జబ్బు, మద్యం అలవాటు ఉన్నవాళ్లు స్కాన్ సమయానికి ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసి మొదలుపెట్టాలంటుంది. మన సెంటర్లలో చాలాచోట్ల తేడా చూడకుండా అందరినీ రెండు రోజులు ఆపమంటారు. వాళ్లు చెప్పినట్టు చేస్తే నష్టం లేదు. రెండు విషయాలు మాత్రం చూసుకోండి. ఆపమన్నది మెట్‌ఫార్మిన్‌ని, షుగర్ మందులన్నింటినీ కాదు. ఆపిన తర్వాత ఏ రోజు మొదలుపెట్టాలో అక్కడే రాయించుకోండి. రెండు రోజులకని ఆపి రెండు నెలలు మర్చిపోయేవాళ్లున్నారు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో రమ్మంటే పొద్దున మోతాదు ఎంత వేసుకోవాలో ముందురోజే అడగాలి. స్కాన్ పొద్దున మొదటి వరుసలో పెట్టమని అడగండి. మామూలు ఇన్సులిన్ వేసుకుని పది గంటల దాకా ఏమీ తినకుండా వరండాలో కూర్చుంటే షుగర్ పడిపోతుంది. డై రియాక్షన్ కన్నా ఈ ముప్పే దగ్గర్లో ఉంటుంది.

నాలుగో అడుగు: ఎలర్జీల గురించి నిజం చెప్పండి, రొయ్యల గురించి బెంగపడకండి

రొయ్యలు, పీతలు పడనివాళ్లకి డై పడదన్నది ఇప్పటికీ కొందరు ఆసుపత్రి సిబ్బంది కూడా నమ్మే మాట. రొయ్యల ఎలర్జీకి కారణం వాటిలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. అయోడిన్ కాదు. బెటాడిన్ పూస్తే చర్మం ఎర్రబడేవాళ్లకీ ఇదే సమాధానం. అయోడిన్ మన ఉప్పులో ఉంది, మన థైరాయిడ్‌లో ఉంది. అదే పడకపోతే బతకలేం.

మరి ఎవరు జాగ్రత్తపడాలి? అందరికన్నా ముందు, ఇదివరకు ఇదే రకం డైకి రియాక్షన్ వచ్చినవాళ్లు. ఆ తర్వాత ఆస్తమా ఉన్నవాళ్లు, మందులకో ఆహారానికో తీవ్రమైన ఎలర్జీ ఒకసారైనా వచ్చినవాళ్లు. ఇలాంటివాళ్లకి రిస్క్ కొంచెం ఎక్కువే గానీ అంతమాత్రాన డై నిషిద్ధం కాదు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ జేబులో ఉండాలి. ఆ రోజు పిల్లికూతలు ఎక్కువగా ఉంటే ఆ మాట చెప్పి వాయిదా వేయించుకోవచ్చు.

ఇదివరకు రియాక్షన్ వచ్చినవాళ్లకి ఈసారి వేరే డై వాడతారు. వాటితోపాటు ముందుగా స్టెరాయిడ్ బిళ్లలూ ఇవ్వొచ్చు. ఒక పద్ధతిలో స్కాన్‌కి 13 గంటలు, 7 గంటలు, 1 గంట ముందు ఇస్తారు. ఇంకో పద్ధతిలో 12 గంటలు, 2 గంటల ముందు. అందుకే ఈ సంగతి స్కాన్ రోజున బల్లెక్కేటప్పుడు చెబితే ఆలస్యమే. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. షాపులో అడిగి మీరే స్టెరాయిడ్‌లు వేసుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకి అవి అంకెను ఒక్కసారిగా పెంచేస్తాయి. పైగా స్టెరాయిడ్ వేసుకున్నా రియాక్షన్ రాదన్న హామీ లేదు.

థైరాయిడ్ గురించి తరచుగా అడుగుతారు. థైరాయిడ్ తక్కువగా ఉండి రోజూ బిళ్ల వేసుకునేవాళ్లు మామూలుగానే వేసుకుని రావచ్చు. థైరాయిడ్ ఎక్కువగా ఉండి అదుపులో లేనివాళ్లు మాత్రం చెప్పి తీరాలి, ఆ ఒక్క మోతాదులో ఉన్న అయోడిన్ జబ్బును పెంచవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ చికిత్స తీసుకోబోతున్నవాళ్లకి డై పడితే ఆ చికిత్సకి నెలా రెండు నెలలు ఆగాల్సి వస్తుంది.

గర్భం ఉన్నా, ఉందేమో అన్న అనుమానం ఉన్నా చెప్పండి. పక్కన అత్తగారో ఆడపడుచో ఉన్నారని చెప్పడానికి ఇబ్బందైతే, నర్సుతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడతానని అడగండి. పాలిచ్చే తల్లులు పాలు ఆపనవసరం లేదు. తల్లికిచ్చిన డైలో పాలలోకి వచ్చేది ఒక శాతం కన్నా తక్కువ, అందులో బిడ్డ పేగుల నుంచి రక్తంలోకి చేరేది మళ్లీ ఒక శాతం కన్నా తక్కువ. మనసొప్పకపోతే ముందుగా పాలు పిండి దాచుకుని ఒక రోజు అవి పట్టించవచ్చు.

ఐదో అడుగు: స్కాన్ రోజు తిండి, నీళ్లు, బట్టలు

నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దనడం చాలాచోట్ల నియమం. పాత మందులతో వాంతులు ఎక్కువగా వచ్చే రోజుల్లో అది అవసరమైంది. ఇప్పటి మందులకు ఉపవాసం అక్కర్లేదని యూరప్ రేడియాలజిస్టుల మార్గదర్శకాలు అంటున్నాయి. అయినా మీ సెంటర్ చెప్పిన లెక్కే పాటించండి. లేకపోతే వెనక్కి పంపిస్తారు, ఆ తిరుగుడు మనకే. నీళ్ల విషయంలో మాత్రం గట్టిగా అడగండి. ‘నీళ్లు కూడా తాగకూడదు’ అని ఎవరో చెబితే, మే నెల ఎండలో ఖమ్మం నుంచో రెంటచింతల నుంచో బస్సెక్కి గొంతు పిడచగట్టుకుని వచ్చేవాళ్లుంటారు. కిడ్నీలకి ఇంతకన్నా చెడ్డ తయారీ లేదు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు ముందురోజు నుంచే బాగా తాగాలి. బీపీ, గుండె, ఫిట్స్ బిళ్లలు రెండు గుక్కల నీళ్లతో మామూలుగా వేసుకోవచ్చు.

పొట్ట స్కాన్ అయితే తాగే డై కూడా ఇవ్వొచ్చు. లీటరు నుంచి లీటరున్నర నీళ్లలో కలిపి గంటసేపు కొద్దికొద్దిగా తాగమంటారు. కొన్నింటి రుచి చేదుగా, మందు వాసనతో ఉంటుంది. గబగబా తాగితే వాంతి అవుతుంది, మరీ నిదానిస్తే పేగుల్లో సమానంగా పరుచుకోదు. చిన్నపేగుల స్కాన్‌కి మానిటాల్ కలిపిన తియ్యటి నీళ్లు ఇస్తారు. దానితో ఆ సాయంత్రం రెండు మూడు విరేచనాలవడం మామూలే. దూరం ప్రయాణం పెట్టుకోకండి.

బట్టలు వదులుగా ఉండాలి. హుక్కులు, జిప్పులు, మొలతాడుకి ఉన్న తాయెత్తు, పుస్తెలు... తీసే భాగానికి అడ్డొచ్చే లోహం ఏదైనా చారలు పడేలా చేస్తుంది. పుస్తెలు తీయడం ఇష్టం లేకపోతే పొట్ట స్కాన్‌కి పైకి జరిపి ఉంచడం కుదురుతుందేమో అడగండి.

ఆరో అడుగు: గదిలో

ముందు చేతికి క్యానులా పెడతారు. ఎక్కువగా మోచేతి మడత దగ్గర, కొంచెం లావుపాటి సూది. మిషన్ డైని సెకనుకి 3–5 మిల్లీలీటర్ల వేగంతో తోస్తుంది కాబట్టి అరచేతి వెనక సన్నని నరంలో ఉన్న పాత క్యానులా తరచుగా పనికిరాదు. వార్డు నుంచి వచ్చినవాళ్లు “ఆల్రెడీ ఉందిగా, మళ్లీ ఎందుకు పొడుస్తారు” అని చిరాకుపడుతుంటారు. కారణం ఇది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గడ్డలు తీసినవాళ్లు ఆ వైపు చేయి కాకుండా రెండోది ఇవ్వాలి. డయాలిసిస్ ఫిస్టులా ఉన్న చేయి అసలు ముట్టనివ్వకూడదు.

తర్వాత ముందుగా కొంచెం సెలైన్ తోసి చూస్తారు. చేతులు తలపైకి పెట్టిస్తారు. టెక్నీషియన్ బయటికెళ్లి అద్దం అవతల నుంచి మైకులో మాట్లాడతారు. “అమ్మా, ఇప్పుడు డై వస్తుంది, ఒళ్లు వేడెక్కుతుంది, భయపడకు. చెయ్యి నొప్పెడితే గట్టిగా అరువు, నేను వింటుంటాను” అని చెప్పే టెక్నీషియన్ దొరికితే సగం భయం అక్కడే పోతుంది. అలా చెప్పకపోతే మీరే అడగండి, “నొప్పొస్తే మీకు వినబడుతుందా?” అని.

డై మొదలైన పది ఇరవై సెకన్లకి గొంతులో వెచ్చదనం మొదలవుతుంది. అక్కణ్నుంచి ఛాతీకి, పొట్టకి, తొడల దాకా దిగుతుంది. నోట్లో ఇనుము నాకినట్టు రుచి. కింద తడిసిపోయిందేమో, పరుపు మీద మూత్రం పోసేశానేమో అనిపిస్తుంది. పోయలేదు. ఆ భాగంలో రక్తనాళాలు వెడల్పై వెచ్చబడటం వల్ల అలా అనిపిస్తుంది, నిమిషంలో తగ్గిపోతుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలియక చాలామంది సిగ్గుతో ముడుచుకుపోయి కదులుతారు, బొమ్మ చెడుతుంది. కొద్దిగా వికారం వచ్చినా ముక్కుతో నిదానంగా గాలి పీలుస్తూ ఉంటే చాలావరకు అదే సర్దుకుంటుంది.

‘ఊపిరి పీల్చండి, ఆపండి’ అనే రికార్డు గొంతు కొన్ని మిషన్లలో ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్తే గదిలోకి పంపేముందే ఒకసారి సాధన చేయించండి. గట్టిగా పీల్చి, నోరు ముక్కు మూసి, పదిహేను అంకెలు లెక్కపెట్టేదాకా ఆపగలిగితే చాలు.

వేడి మామూలు, నొప్పి మాత్రం మామూలు కాదు. క్యానులా దగ్గర మంట, పోటు, ఉబ్బినట్టు అనిపిస్తే డై నరంలోకి కాకుండా కండలోకి పోతోందని అర్థం. ఓర్చుకోకండి, అరవండి. వెంటనే మిషన్ ఆపేస్తారు. ఐదు మిల్లీలీటర్లు బయటికొస్తే చిన్న వాపుతో పోతుంది, డెబ్బై వస్తే చేయి బిగుసుకుపోతుంది. అలా జరిగితే చేతిని గుండె కన్నా ఎత్తులో పెట్టి, బట్టలో చుట్టిన ఐస్‌ని కాసేపు పెట్టి తీస్తూ ఉండాలి. రుద్దకూడదు. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. నొప్పి పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, చర్మం మీద బొబ్బలు లేచినా సర్జన్ చూడాలి.

ఏడో అడుగు: ఆ అరగంట కూర్చోండి

ఇది అందరూ ఎగ్గొట్టే అడుగు. స్కాన్ అయిపోగానే క్యానులా తీయించుకుని ఆటో ఎక్కేస్తారు. తీవ్రమైన రియాక్షన్లలో ఎక్కువ భాగం మొదటి ఇరవై, ముప్పై నిమిషాల్లోనే వస్తాయి. క్యానులా ఉంచుకుని, సిబ్బందికి కనిపించే చోట అరగంట కూర్చోండి. ఇదివరకు రియాక్షన్ వచ్చినవాళ్లు ఇంకా ఎక్కువసేపు ఉండాలి.

నాలుగైదు దద్దుర్లు, కొద్దిపాటి దురద, తుమ్ములు, ఒక వాంతి... ఇవి తేలికపాటివి. చెప్పి కూర్చుంటే చాలు, అవసరమైతే ఎలర్జీ బిళ్లో ఇంజెక్షనో ఇస్తారు. కిందివాటిలో ఏ ఒక్కటి వచ్చినా మాత్రం కూర్చున్న చోటు నుంచే కేకెయ్యాలి:

- గొంతు పట్టేసినట్టు, గొంతు మారిపోయినట్టు, మింగుడు పడనట్టు ఉండటం
- పెదాలు, నాలుక, కళ్ల చుట్టూ వాపు
- ఆయాసం, పిల్లికూతలు, ఛాతీ బిగుసుకోవడం
- కళ్లు తిరిగి చెమటలు పట్టడం, చూపు మసకబారడం
- దద్దుర్లు నిమిషాల్లో ఒళ్లంతా పాకడం

లేచి నడుచుకుంటూ బాత్రూమ్‌లోకి వెళ్లి ముఖం కడుక్కుందామనుకోవద్దు. అక్కడ పడిపోతే ఎవరూ చూడరు. ఇలాంటి తీవ్రమైన రియాక్షన్‌కి మొదట పడాల్సిన మందు తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్. ఎలర్జీ ఇంజెక్షన్ ఎవిల్, స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్ దాని తర్వాతే. అడ్రినలిన్ త్వరగా పడితే మనిషి నిమిషాల్లో తేరుకోవడం చూస్తాం.

కాబట్టి డబ్బు కట్టేముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: “డై ఎక్కించేటప్పుడు డాక్టర్ ఇక్కడే ఉంటారా? ఆక్సిజన్, అడ్రినలిన్ ఉన్నాయా?” ఐదొందలు తక్కువని ఎంచుకున్న సెంటర్‌లో రేడియాలజిస్ట్ ఆన్‌లైన్‌లో రిపోర్టు రాసి, గదిలో టెక్నీషియన్ ఒక్కడే ఉంటే, ప్లెయిన్ స్కాన్‌కి ఫర్వాలేదు, కాంట్రాస్ట్‌కి మాత్రం నేను ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న చోటికే వెళ్లమంటాను.

ఎనిమిదో అడుగు: ఇంటికొచ్చాక

ఆ రోజంతా మామూలు కన్నా నాలుగైదు గ్లాసుల నీళ్లు ఎక్కువ తాగండి. మజ్జిగ, పల్చటి అంబలి ఏదైనా సరే. తిండికి పథ్యం లేదు. మూత్రం రంగు మారదు. మారితే అది డై కాదు, వేరే కారణం చూడాలి.

కొందరికి కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో, అరుదుగా వారం లోపల చర్మం మీద ఎర్రటి మచ్చలు, దురద వస్తాయి. చాలావరకు వాటంతటవే పోతాయి, డాక్టర్‌ని అడిగి ఎలర్జీ బిళ్ల వేసుకుంటే సరిపోతుంది. దద్దుర్లతోపాటు జ్వరం, నోట్లో పుళ్లు, చర్మం పొరలుగా ఊడటం ఉంటే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు. అరుదుగా ఇంకో విచిత్రం కూడా జరుగుతుంది. మర్నాటికి చెవుల కిందా దవడల కిందా గవదబిళ్లల్లా వాచిపోతుంది. లాలాజల గ్రంథుల్లో అయోడిన్ చేరడం వల్ల వచ్చేది ఇది. చూడ్డానికి భయంగా ఉన్నా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

కిడ్నీ రిస్క్ ఉన్నవాళ్లు 48–72 గంటల్లో క్రియాటినిన్ మళ్లీ చేయించుకోవాలి. ఈలోగా మూత్రం బాగా తగ్గినా, కాళ్లు ముఖం వాచినా, ఆయాసం వచ్చినా ఆగకూడదు. ఇంటి దగ్గర గొంతు వాపో ఊపిరాడకపోవడమో వస్తే 108కి ఫోన్ చేయండి, “పొద్దున సీటీకి డై ఎక్కించారు” అన్న మాటతోనే మొదలుపెట్టండి. మూడేళ్ల లోపు పిల్లలకు డై ఎక్కిస్తే మూడు వారాల లోపు థైరాయిడ్ పరీక్ష చేయించడం మంచిదని 2022లో ఎఫ్‌డీఏ సూచించింది. పిల్లల డాక్టర్‌ని ఈ విషయం అడగండి.

రియాక్షన్ వచ్చిందా? కాగితం మీద పెట్టించండి

‘సీటీలో రియాక్షన్ వచ్చింది’ అన్నంత మాత్రాన వచ్చేసారి డాక్టర్‌కి ఉపయోగపడదు. ఏ డై ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎన్ని నిమిషాలకి ఏమొచ్చింది, ఏ మందుతో తగ్గింది... ఈ నాలుగూ రాయించుకుని డిశ్చార్జి కాగితంతోపాటు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. డై సీసా లేబుల్‌నే ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది. ‘అయోడిన్ ఎలర్జీ’ అని మాత్రం రాయనివ్వకండి. ఆ రెండు ముక్కల వల్ల ముందు ముందు అవసరమైన స్కాన్లు, యాంజియోగ్రామ్‌లు కూడా ఆగిపోతుంటాయి. ఐయోహెక్సాల్‌కి దద్దుర్లు వచ్చాయంటే ఐయోడిక్సనాల్ ఇచ్చి చూసే అవకాశం డాక్టర్‌కి ఉంటుంది, మందు పేరు తెలిస్తేనే.

ఒట్టి వేడి, లోహపు రుచి, చిన్న వికారం వచ్చినవాళ్లు దాన్ని ఎలర్జీగా ఎక్కడా రాయించుకోవద్దు.

మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి టోల్ ఫ్రీ నంబరు ఉంది: 1800-180-3024. డాక్టర్లే కాదు, రోగులూ వాళ్ల ఇంట్లోవాళ్లూ కూడా ఫోన్ చేసి చెప్పవచ్చు. చేసేటప్పుడు ఆ లేబుల్ ఫోటో దగ్గర పెట్టుకోండి, బ్యాచ్ నంబరు అడుగుతారు.